చివరి ముక్క

మా దీవిలో వాన పడుతోందని ఎవరూ చెప్పుకోరు.
ఆగితే చెప్పుకుంటాం.

కాస్త్రో బజారులో మావి పక్కపక్క బల్లలు.
నా దగ్గర వెల్లుల్లి, ఎండబెట్టిన సముద్రపు నాచు చుట్టలు.
ఉబెర్లిందా దగ్గర దుంపలు: నల్లవి, ఊదారంగువి,
ముసలివాడి బొటనవేలులా వంకర తిరిగినవి.
ఏడు కాగానే టార్పాలిన్ కప్పేసి
ఇద్దరం వాళ్ళ వంటింటికి పరుగు.
ఏడున్నరకి ఇస్తాంబుల్.

కట్టెల పొయ్యి పైన దండెం మీద తడి మేజోళ్ళు,
అలమార మీద టీవీ.
చలేస్తుందేమో అని దానికీ ఓ శాలువా కప్పుతుంది,
తెర ఒక్కటీ వదిలి.

నాలుగేళ్ళయింది, ఆ ఊళ్ళో మాకు తెలియని మెట్టు లేదు.
ఏ తలుపు తెరిస్తే వెనక అత్తగారు నిలబడి ఉంటుందో తెలుసు.
టీ గ్లాసుని అంచు దగ్గర పట్టుకోవాలని తెలుసు.
నిజం చెప్పే ముందు వాళ్ళు
తప్పకుండా సముద్రం వైపు తిరుగుతారనీ తెలుసు.
(మేమూ తిరుగుతాం. మంచు తప్ప ఏమీ కనబడదు.
అందుకేనేమో మా నిజాలు ఆలస్యమవుతాయి.)

ఓసారి జ్వరమొచ్చి మూడు రోజులు నేను చూడలేకపోతే
గొడుగేసుకొచ్చి మంచం పక్కన కూర్చుని
కథంతా చెప్పింది.
చెప్పడంలో ఒక పెళ్ళి తప్పించింది,
చచ్చినవాణ్ణొకణ్ణి బతికించింది.
లేచి చూద్దును కదా, వాడు చచ్చే ఉన్నాడు.
అదేమని అడిగితే
"ఒళ్ళు కాలిపోతోంది కదే నీకు" అంది.

ఒక్క సంగతి మాత్రం మాకు కొరుకుడు పడేది కాదు.
మాట అయిపోయాక కూడా
వాళ్ళ పెదవులు ఇంకాస్త కదులుతాయి.
మా భాషలో వాక్యం ముగుస్తుంది,
వాళ్ళ నోట్లో ఇంకా ఏదో మిగిలుంటుంది.
డబ్బింగ్ అని నాకు తెలుసు. తనకీ తెలుసు.
తెలిసి కూడా అనేది:
"ఆ చివరి ముక్కే మనకి వినబడనివ్వరు."

ఆమె మొగుడు అబెలార్దో
గొర్రెల ఉన్ని కత్తిరించే పనికి దక్షిణానికి పోతూ
బస్సు అద్దం వెనక నుంచి ఏదో అన్నాడట.
పెదవులు చూసిందట.
అంతే.
ఈ సంగతి నాకు ఒకే ఒక్కసారి చెప్పింది,
అదీ ప్రకటనల మధ్య.

పోయిన మార్చిలో
వంతెన పనికొచ్చినతను ఒకడు దుంపలు కొనడానికొచ్చాడు.
సన్నటి మనిషి, తడిసిన టోపీ.
పేరు జెలాల్ అన్నాడు, మాది టర్కీ అన్నాడు.
ఉబెర్లిందా తక్కెడ వదిలేసింది.
ఆ మేడ సంగతి అడిగింది, ఫెర్రీ సంగతి,
రొట్టె ముక్కల కోసం ఎగబడే పక్షుల సంగతి.
అతను వచ్చీరాని స్పానిష్‌లో
మా ఊరి నుంచి సముద్రం చూడాలంటే
రాత్రంతా బస్సులో కూర్చోవాలన్నాడు.
ఆప్రికాట్లు కాస్తాయట.
ఇస్తాంబుల్‌కి రెండుసార్లు వెళ్ళాడట,
రెండోసారి ఇక్కడికి విమానం మారడానికి.
సీరియల్ పేరు చెబితే నవ్వాడు.
"మా అమ్మ చూస్తుంది.
నా చిన్నప్పుడైతే మా ఇంట్లో అన్నీ మీవైపువే,
ఎండలూ, గుర్రాలూ, తెల్లటి మేడలూ..."
అంటూ బజారు రేకుల మీద వానని కాసేపు విని
మర్యాదకి ఆపేశాడు.

అంతలో అతని ఫోన్ మోగింది. ఆ అమ్మే.
మాట్లాడుతున్నాడు.
మేమిద్దరం అతని నోటికేసి చూస్తూ నిలబడ్డాం,
సిగ్గూ శరం లేకుండా.
మాట ఆగింది.
పెదవులూ ఆగాయి.
ఒకేసారి.

కిలో అడిగితే కిలోన్నర తూచింది ఉబెర్లిందా.
దారంతా నోరు విప్పలేదు.
ఏడున్నరకి టీవీ పెట్టి
ధ్వని పూర్తిగా తగ్గించేసి
కుర్చీ తెర దగ్గరికి, బాగా దగ్గరికి, జరుపుకుంది.
ఎవరో ఒకామె సముద్రం వైపు తిరిగి
ఏదో చెబుతోంది.
నేను లేచి మేజోళ్ళు తిరగేశాను,
రెండోవైపు ఇంకా తడిగానే ఉన్నాయి.